పన్నెండు మూరల దూలం

ఆ పొద్దున ఆకాశం కనబడలేదు. గండిపేట దిక్కు నుంచి లేచిన మంచు కనకమామిడి పొలాల మీదుగా పాకి వచ్చి, కప్పు లేని కొత్త గోడల మధ్య నిండిపోయింది. పొద్దు పొడిచిందో లేదో కోళ్లకు కూడా సరిగ్గా తెలిసినట్టు లేదు. ఒకటి కూసి, తన కూత మీద తనకే అనుమానం వచ్చినట్టు ఊరుకుంది.

ఆ మంచులోనే దూలం ఎత్తారు.

తూర్పు గోడ మీద శాంతయ్య, అంజిలయ్య. పడమటి గోడ మీద వడ్రంగం చేసే వడ్ల శివయ్య ఒక్కడే. కింద మోకులు పట్టి చిన్నయ్య, అతనితో ఇంకో ఇద్దరు. తూర్పు గోడ మీదున్నవాళ్లకు పడమటి గోడ ఒక మసక గీతలాగా ఉంది. శివయ్య కనబడడు, శివయ్య మాట మాత్రం వినబడుతుంది.

"ఇంకా రావాలె," అన్నాడు శివయ్య.

తోశారు.

"ఇంకా."

మళ్లీ తోశారు. టేకు దూలం గోడ తల మీద గరగర మంటూ జరిగింది. ముప్పై ఏళ్లు మసిపట్టి నల్లబడిన కట్టె. నిన్న పొద్దుగూకే వేళ పాత ఇంటి నుంచి బండి మీద వచ్చింది.

"ఇంకా ఇటు రావాలె," అన్నాడు శివయ్య మూడోసారి.

"ఇంకేడికెల్లి వస్తదే? ఇక్కడ గోడ మీద బెత్తెడే మిగిలింది," అన్నాడు అంజిలయ్య.

శివయ్య గోడ అంచున పొట్ట మీద పడుకొని, మంచులోకి చెయ్యి చాపి, కట్టె కోసం తడుముతున్నాడని తరువాత అందరికీ తెలిసింది. అప్పుడు మాత్రం అతని ఊపిరి ఒక్కటే వినబడింది.

"ఆపుండ్రి," అన్నాడు చివరికి. "ఇంక తోస్తే మీ దిక్కు జారి పడ్తది. కింద గుంజ పెట్టుండ్రి ముందుగాల."

చిన్నయ్య ఉరికి ఒక గుంజ తెచ్చి దూలం కింద నిలబెట్టాడు. ఒక కొస గోడ మీద, ఒక కొస గాలిలో. గాలిలో ఉన్న కొసకూ పడమటి గోడకూ మధ్య జానెడు ఖాళీ.

గోడ కింద, గుంతలో మట్టి తొక్కుతున్న శాంతయ్య భార్య అరుణమ్మ కాళ్లు ఆగిపోయాయి. దూలం తలలు గోడలో కూర్చోబెట్టి కప్పడానికి, వరిగడ్డి తుంపులు కలిపి తొక్కుతున్న మట్టి అది. మోకాళ్ల కింది దాకా మట్టి. చల్లని మట్టి. కాలు తీద్దామంటే రాలేదు, తీయాలని ఆమె గట్టిగా అనుకోనూ లేదు.

పైన ఏమవుతున్నదో ఆమెకు ఎవరూ చెప్పనక్కర లేదు. ఆ జానెడు ఖాళీ సంగతి ఆమెకు నెలన్నర కిందటే తెలుసు.

*

శివయ్య గోడ దిగి వచ్చి తన గజం బద్దతో కొలిచాడు. గోడకూ గోడకూ మధ్య కొలిచాడు. నిచ్చెన వేసుకొని దూలాన్ని కొలిచాడు. మళ్లీ దిగి, రెండోసారి కొలిచాడు. అతనికి మొదటిసారే తెలిసింది. శాంతయ్య ముఖం చూడకుండా ఉండడానికి రెండోసారి కొలుస్తున్నాడు.

"రెండు దిక్కులా గోడ మీద అర మూర కూసోవాలె. గట్ల చూస్తే మూరన్నర తక్కువ పడ్డది," అన్నాడు.

"పన్నెండు మూరలు కదా," అన్నాడు శాంతయ్య.

"పన్నెండే. ఎవని మూర?"

శాంతయ్య తన చేతిని తాను చూసుకున్నాడు.

అది శాంతయ్య తండ్రి బాలప్ప దూలం. ఊళ్లో ఏ ఇంటికీ అంత దూలం లేదని, పన్నెండు మూరలని, బాలప్ప బతికున్నన్నాళ్లూ చెప్పాడు. ఆయన పోయిన తరువాత ఆయన కొడుకులు చెప్పారు. ఆ ఇంట్లో పిల్లలకు తమ పేరుతో పాటు తెలిసే మాట అది. శాంతయ్య వేరుపడి ఇల్లు కట్టుకోవాలనుకున్నప్పుడు, ఆ పన్నెండు మూరలు పట్టుకునే పునాది తవ్వాడు. తన మోచేతి నుంచి తన నడిమి వేలి దాకా పన్నెండుసార్లు కొలిచి మేకులు పాతాడు.

"ఈ దూలం చెక్కింది మా నాయిన," అన్నాడు శివయ్య. "మీ బాపు చెయ్యి కొలత మీద చెక్కిండు. ఆయన పొట్టి మనిషి. నువ్వేమో మీ అమ్మ దిక్కు పొడుగు. మూరకు మూడు వేళ్ల తేడా వచ్చింది. పన్నెండు మూరలకు ఎంతయితదో చూసుకో."

"నిన్న చెప్పకపోతివి."

"నిన్న నన్ను కొలువనిస్తిరా? చీకటి పడ్డంక బండి దిగె. పొద్దుగాల లేస్తనే ఎత్తుడు పెట్టుకుంటిరి. పన్నెండు మూరలు, పన్నెండు మూరలని నేను లాగు తొడుగంగనుంచి ఇంటున్న. మీ ఇంటోళ్ల మాట మీద నమ్మకం పెట్టిన."

మనుషులు మోకులు చుట్టుకుంటున్నారు. ఎవరూ శాంతయ్య దిక్కు చూడలేదు. పట్నం నుంచి పొడుగు దూలం తెప్పిస్తే ఎట్లుంటుందని అంజిలయ్య అన్నాడు. ఎట్లా వస్తుందని చిన్నయ్య అడిగాడు. ప్రత్యేక రాష్ట్రం గొడవ మొదలైన నాటి నుంచి లారీలు నడవడం లేదు. మొన్న మెహదీపట్నం పోయిన బస్సు అద్దాలు లేకుండా తిరిగి వచ్చింది. మొయినాబాద్ దగ్గర పిల్లలు రోడ్డుకు అడ్డంగా రాళ్లు పేర్చి, జై తెలంగాణ అన్నవాళ్లనే పోనిస్తున్నారు.

"పట్నపు పోరగాండ్లు ఇప్పుడు అడుగుతున్నరు వేరే కావాలని," అన్నాడు శివయ్య, గజం బద్దను తువ్వాలుతో తుడుస్తూ. "మీ అన్నదమ్ములు దసరా కాడనే తెచ్చుకున్నరు."

తన మాట తనకే బాగనిపించక శివయ్య దగ్గాడు.

దారులు రెండే ఉన్నాయని చెప్పాడు. నడి ఇంట్లో ఒక గుంజ పాతి, దూలాన్ని అతుకుతో నిలబెట్టడం ఒకటి. ఇంటి నడుమ గుంజ ఉంటే పది మంది కూర్చునే తావు ఉండదు. పడమటి గోడను పునాది దాకా విప్పి, మూరన్నర లోపలికి జరిపి మళ్లీ పెట్టడం ఇంకొకటి. ఈ చలిలో ఒక్కొక్క మట్టి వరుస ఆరడానికి పది రోజులు పట్టింది. ఆరు వరుసల గోడ.

"మూడు నెలల పని," అన్నాడు శాంతయ్య.

"రెండు నెలలు అనుకో. ఎండలు ముదురుతయి కదా ఇగ."

శాంతయ్య మిగిలిన పునాది రాళ్ల మీద కూర్చున్నాడు. మూడు నెలలుగా అతని చేతులు ఒట్టిగా ఉండగా అరుణమ్మ చూడలేదు. ఇప్పుడు ఒళ్లో రెండు చేతులూ వెల్లకిలా పెట్టుకొని కూర్చున్నాడు.

*

క్రిస్మస్‌కు రెండు వారాల ముందటి ఆదివారం. ఆరాధన విడిచాక, చర్చి గోడ పక్కన చెప్పులు వెతుక్కుంటున్న అరుణమ్మ దగ్గరికి తోడికోడలు ధనమ్మ వచ్చింది. దసరా నాటి నుంచి ఆ ఇద్దరి మధ్యా మాటలు లేవు. ధనమ్మ చుట్టూ చూసి, గొంతు తగ్గించి, చెప్పవలసింది చెప్పింది.

"చెల్లె, మీ బావ చెప్పుమన్నడు. గోడలు ఎడం పెడ్తున్నరట. బాపు చెయ్యి పొట్టిది, శాంతయ్యది పొడుగు. ఒక్కపారి ఇంటికొచ్చి దూలం కొలుచుకొని పొమ్మను."

అరుణమ్మ తల ఊపింది. అంతే. ధనమ్మ వెళ్లిపోయింది.

ఇంటికి పోయే దారి పొడవునా అరుణమ్మ ఆ మాటను తిప్పి తిప్పి చూసింది. ఎంత తిప్పినా దాని అడుగున ఇంకో మాట ఉన్నట్టే తోచింది. సంఘ పెద్దలు వాటాలకు చీట్లు వేసినప్పుడు నడిమి దూలం శాంతయ్య పేరున వచ్చింది. వచ్చినా అతను తీసుకుపోడని, ఉన్న ఇంటి నడుము ఎవరూ విరగ్గొట్టరని ఊరంతా అనుకుంది. బావ కూడా అట్లాగే అనుకొని ఉంటాడు. ఇప్పుడు ఇంటికి పిలుస్తున్నాడు. పోతే పీట వేస్తారు, నీళ్లిస్తారు. బాపు పేరు తీస్తారు. శాంతయ్య కండ్ల నీళ్లు పెట్టుకొని దూలం అక్కడే వదిలి వస్తాడు. అతని మెత్తదనం ఆమెకు తెలియనిది కాదు.

పైగా ఆ గడప తొక్కనని శాంతయ్య అన్నాడు. బాపు కట్టిన ఇంట్లో కూర్చొని పెద్ద మాటలెందుకు, నువ్వొక గోడ పెట్టి చూపించమని దసరా పండుగ నాడు నలుగురిలో బావ సాముయేలు అన్న మాటకు అది జవాబు. ఆ మరునాడే శాంతయ్య పార పట్టుకొని ఊరి చివరి చెలకలోకి వచ్చాడు. ఆ జవాబును నిలబెట్టడానికే కదా తామిద్దరూ ఈ చలిలో గడ్డి గుడిసెలో ఉంటున్నది.

ఇవన్నీ కారణాలే. వీటన్నిటి వెనుక ఇంకొకటి ఉంది. దాన్ని అరుణమ్మ తనకు తాను కూడా చెప్పుకోలేదు.

సంఘం కుటుంబ ప్రార్థన ఎప్పుడు జరిగినా బాలప్ప ఇంట్లోనే జరుగుతుంది. నడి ఇల్లు పెద్దది కాబట్టి. ముప్పై మంది కూర్చుంటారు. మధ్యలో దీపం పెట్టేది ధనమ్మ. తరువాత అందరికీ చాయ పోసేదీ ధనమ్మే. పెళ్లయిన నాటి నుంచి అరుణమ్మ వెనుక గోడకు ఆనుకొని, గ్లాసులు కడగడానికి ఎప్పుడు లేవాలా అని చూస్తూ కూర్చున్నది. కొత్త ఇంటికి శాంతయ్య మేకులు పాతిన నాడు ఆమె ఆ ఖాళీ నేల మధ్యలో నిలబడి చూసింది. పాత ఇంటి కన్నా ఎడం ఎక్కువే ఉన్నట్టు అప్పుడే అనిపించింది. ముప్పై అయిదు మంది కూర్చోవచ్చు.

ఆ ఆదివారం నాటికి గోడలు మోకాలెత్తు ఉన్నాయి. అన్నం పెడుతూ చెబుదామనుకొంది. రేపు చెబుదామనుకొంది. గోడ నడుము దాకా వచ్చింది. ఇప్పుడు చెబితే ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటాడు అనుకొంది. గోడ తల దాటింది. ఆ పైన, బావ మాటే తప్పేమో, దూలం సరిపోతుందేమో అని అనుకోవడం మొదలుపెట్టింది. అనుకొన్న కొద్దీ అది నిజమే అనిపించింది.

*

"అన్నకు ఎరుకే," అన్నాడు శాంతయ్య.

మంచు పల్చబడుతున్నది. మనుషులు ఎవరి పనులకు వాళ్లు పోయారు. శివయ్య ఒక్కడే కొంచెం దూరంలో పనిముట్లు సంచిలో వేసుకుంటున్నాడు.

"ఏందది?" అన్నది అరుణమ్మ.

"గోడ ఎడమైందని అన్నకు ఎరుకే. బాపు పక్కన నిలబడి ఆ ఇంటికి మట్టి మోసినోడు. ఆయన చెయ్యి ఎంతనో ఎరుకలేదా? రోజు ఈ తొవ్వనే సైకిల్ మీద మొయినాబాద్ బడికి పోయిండు. బడి బందువెట్టిన కాడికెల్లి యాపపుల్ల నోట్లె పెట్టుకొని ఈడికెళ్లి నడుసుకుంటనే పోయిండు. పోయినప్పుడల్ల గోడ దిక్కు చూసిండు. నేను చూసిన ఆయన చూసుడు. ఒక్క మాట అనకపాయె."

అరుణమ్మ నోటి దాకా వచ్చింది మాట. అక్కడికి వచ్చి వేరే మాటగా మారి బయటపడింది.

"గంజి ఉన్నది. తాగు ముందుగాల."

"నేను గోడలు లేపుతుంటె చూసుకుంట ఊకున్నడు. కప్పు నిలువది, ఊరంత నవ్వుతది అని ఊకున్నడు." అతని గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే ఆమెకు కొంచెం సులువుగా ఉండేది. "పగోడు గూడ చెప్పిపోతుండె గింత మాట."

అతను లేచాడు. తలకు చుట్టిన తువ్వాలు తీసి దులిపి భుజాన వేసుకున్నాడు. పెద్దల ముందుకు పోయేటప్పుడు అట్లా వేసుకుంటాడు.

"యాడికి?"

"అడుగుత."

"ఇప్పుడొద్దు. కోపంల ఉన్నవు."

"కోపం లేదు," అన్నాడు శాంతయ్య. నిజంగానే లేదు. ఆ ముఖంలో ఉన్నది వేరు. చాలా కాలంగా నమ్మిన ఒక గిత్త మీదికి తిరిగి పొడిస్తే, రైతు ముఖం అట్లా ఉంటుంది.

అతను నడిచాడు. అరుణమ్మ మట్టి కాళ్లతోనే వెనుక నడిచింది. కడుక్కోవడానికి ఆగితే అతను ముందే చేరుకుంటాడు. ఆమె కన్నా ముందు అతను అక్కడ నోరు విప్పకూడదు. తొవ్వలోనే చెప్పాలి. సర్కారు బావి దాటకముందే చెప్పాలి. బావి దాటింది. బడి దగ్గర చెప్పాలి. మూతపడ్డ బడి గోడ మీద తారుతో పెద్ద పెద్ద అక్షరాలు రాసి ఉన్నాయి, ఇంకా తడి ఆరలేదు. అక్కడ ఇద్దరు మనుషులు నిలబడి చదువుతున్నారు. వాళ్ల ముందు చెప్పలేకపోయింది.

ఇల్లు వచ్చేసింది.

*

పాత ఇంటి నడి భాగం ఆకాశానికి తెరుచుకొని ఉంది. దించిన పెంకలు వాకిట్లో దొంతులుగా పేర్చారు. గోడ తలల్లో దూలం ఊడదీసిన చోట రెండు పెద్ద గండ్లు. మట్టి పెళ్లలుగా విరిగి, లోపలి ఎండుగడ్డి బయటికి వచ్చింది. మంచాలు, గింజల గుమ్ములు, సాముయేలు పుస్తకాల పెట్టె, అన్నీ వసారాలో ఒక మూలకు చేర్చారు.

తమ వాటా దూలం తీసుకుపోతే మిగిలేది ఎట్లా ఉంటుందో అరుణమ్మ ఇప్పుడే చూడడం. నిన్న బండి కట్టినప్పుడు ఆమె రాలేదు.

సాముయేలు నిచ్చెన మీద ఉండి తాటికమ్మలు కడుతున్నాడు. యాభై దగ్గరికి వచ్చిన మనిషి. బడి పంతులు చేతులు, తాటి ఈనెలు గీరుకొని ఎర్రగా ఉన్నాయి. వంటిల్లు దుమ్ముకొట్టుకు పోవడంతో ధనమ్మ వాకిట్లో మూడు రాళ్లు పెట్టి జొన్నరొట్టెలు చేస్తున్నది.

"వచ్చినవా," అన్నాడు సాముయేలు నిచ్చెన మీద నుంచే.

మూడు నెలల తరువాత తమ్ముడితో అన్న మొదటి మాట. అందులో సంతోషం ఉండేదే, శాంతయ్య ముఖం కనబడకపోయి ఉంటే.

"గోడ ఎడమున్నదని నీకు ఎరుకనా?" అన్నాడు శాంతయ్య.

సాముయేలు కడుతున్న ముడి పూర్తి చేశాడు. నిచ్చెన దిగాడు. నేల మీద నిలబడ్డాక జవాబు చెప్పాడు.

"ఎరుకనే."

"ఎప్పటి సంది?"

"నువ్వు పునాది తవ్విన నాటి సంది."

"దూలం అందలే. గాలిల నిలవడ్డది."

సాముయేలు కళ్లు మూసి తెరిచాడు. ఆ వార్త కోసం చాలా రోజులుగా భయపడుతూ ఎదురు చూసినవాడిలా ఉన్నాడు.

"నాకు చెప్పినవా?" అన్నాడు శాంతయ్య.

పెనం మీది రొట్టె తిప్పబోతున్న ధనమ్మ చెయ్యి ఆగింది. ఆమె తల ఎత్తి అరుణమ్మను చూసింది. ఒక్క క్షణమే. సాముయేలు కూడా చూశాడు. అతను అరుణమ్మ ముఖం చూడలేదు, మట్టి ఆరి తెల్లబడుతున్న ఆమె కాళ్లను చూశాడు. అంతా అక్కడే అర్థమైనట్టుంది అతనికి.

"నేనొచ్చి చెప్పలే," అన్నాడు.

అందులో అబద్ధం లేదు. పూర్తి నిజం కూడా లేదు. అరుణమ్మ ఆ మాటను నిలువెత్తు గోడలాగా చూసింది. దాని వెనుక దాక్కోమని బావ తనకు తావు ఇస్తున్నాడు.

"మంచిది," అన్నాడు శాంతయ్య. "బాపు పోయిన నాడు నా చెయ్యి నీ చేతుల పెట్టిండు. నేను గోడ లేపితే ఓర్వకపోతివి. నా ఇంటికి కప్పు లేకుంటైతె చూద్దామని కూసున్నవు. ఇయ్యాల్టి సంది నాకు అన్న లేడు. నేను సచ్చిన నాడు గూడ నా మట్టికి రాకు."

సాముయేలు తల ఊపాడు. ఒప్పుకొన్నట్టు ఊపాడు.

"ఏమయ్యా," అన్నది ధనమ్మ. "ఎందుకట్ల ఊకుంటున్నవు?"

"రొట్టె మాడుతున్నది చూడు," అన్నాడు సాముయేలు.

ధనమ్మ చూడలేదు. రొట్టె నిజంగానే మాడింది. ఆ వాసన వాకిలంతా వచ్చింది. శాంతయ్య వెనుదిరిగాడు. ఇంకో నాలుగు అడుగులు వేస్తే వాకిలి గడప దాటుతాడు. దాటితే మళ్లీ ఈ ఇంటికి రాడు. చెప్పిన మాట మీద నిలబడే మనిషి, అందుకే చలికాలమంతా మట్టి మోశాడు. అరుణమ్మ గడపకు అడ్డంగా నిలబడి ఉంది. అతనికి దారి ఇవ్వాలంటే ఆమె పక్కకు జరిగితే చాలు.

ఆమె జరగలేదు.

"బావ చెప్పి పంపిండు," అన్నది.

శాంతయ్య ఆగాడు.

"అక్క నాకు చెప్పింది. చర్చి కాడ. దూలం కొలుచుకొని పొమ్మని. నేనే నీకు చెప్పలే."

ధనమ్మ పెనం దించి పక్కన పెట్టింది.

"ఎప్పుడు?"

"క్రిస్మస్‌కు ముందుగాల."

"గోడ ఎంతున్నది అప్పుడు?"

"మోకాలెత్తు."

"మోకాలెత్తు," అన్నాడు శాంతయ్య. అప్పుడైతే రెండు రోజుల పని. విప్పి, రాళ్లు జరిపి, అదే మట్టి మళ్లీ తొక్కితే అయిపోయేది. ఆ లెక్క అతని ముఖం మీద నడుస్తుంటే ఆమెకు కనబడింది. ఆ తరువాతి వరుసలు, చన్నీళ్లు పోసి తొక్కిన తెల్లవారు జాములు, పగిలిన మడమలు, అన్నీ ఒకటొకటిగా వచ్చి ఆ లెక్కలో చేరాయి.

"ఎందుకు?"

"నువ్వు వీళ్ల గడప తొక్కుడు నాకిష్టం లేకుండె."

ఇంకో కారణం కూడా ఉంది. నోరు తెరిచింది కాని అది రాలేదు. ముప్పై అయిదు మంది, మధ్యలో దీపం. ఈ తెరుచుకున్న కప్పు కింద ఆ మాట అనడానికి ఆమెకు సిగ్గేసింది.

శాంతయ్య ఆమె మీద చెయ్యి ఎత్తలేదు. తిట్టనూ లేదు. తిడతాడని, తిడితే బాగుండునని ఆమె నిలబడే ఉంది. అతను ఆమెను చూడడం మానేశాడు. అంతే చేశాడు.

"తప్పు ఆమెదొక్కటే కాదు," అన్నాడు సాముయేలు. "ఆడోళ్ల చేతుల మాట పెట్టి పంపి, నా పని అయిపోయిందనుకున్న. మూడు నెలలు నీ గోడ ముందటికెళ్లే పోయిన. సైకిల్ దిగితే అయిపోతుండె. దిగలే. ముందు నువ్వే రావాలె అనుకున్న."

శాంతయ్య విన్నాడో లేదో. అతను నడి ఇంట్లోకి పోయి, విరిగిన గోడ తలల దిక్కు చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపటికి అడిగాడు.

"మల్ల ఈడికే తెస్తే?"

"గోడ తలలు ఇరిగినయిరా. బరువు ఆగది," అన్నాడు సాముయేలు. "ఇక్కడ గూడ తావు లేదు దానికి."

అన్నదమ్ములు పక్కపక్కన నిలబడి, లేని దూలం ఉండే చోటును చూశారు. ఒకరికి పొడుగు చేతులు, ఇంకొకరికి తండ్రి చేతులు. ఇప్పుడు ఇట్లా నిలబడితే ఎవరికైనా తెలుస్తుంది తేడా.

*

పొద్దు నడినెత్తికి వచ్చింది. ధనమ్మ మాడిన రొట్టెను బయట పారేసి, ఇంకో నాలుగు చేసింది. ఎవరినీ అడగకుండా నాలుగు కంచాలు పెట్టింది. అనపకాయ కూర, ఎల్లిపాయ కారం. చేతులు కడుక్కోమని చెంబు తెచ్చి శాంతయ్య ముందు పెట్టింది. అతను ఆ చెంబును కాసేపు చూశాడు. తరువాత చేతులు కడుక్కొని కూర్చున్నాడు. సాముయేలు కూర్చున్నాడు.

"కాళ్లు కడుక్కో," అన్నది ధనమ్మ అరుణమ్మతో. ఆ గొంతులో ప్రేమ లేదు, కోపమూ లేదు. అరుణమ్మ కడుక్కొని వచ్చి చివర కూర్చున్నది.

ఆ ఇంట్లో భోజనం ముందు ప్రార్థన చిన్న కోడలిది. బాలప్ప పెట్టిన వాడుక. పెద్దవాళ్లు ఎట్లాగూ రోజంతా మాట్లాడుతూనే ఉంటారు, దేవుడి దగ్గరైనా చిన్నవాళ్ల మాట వినబడనీయండి అనేవాడు ఆయన. కాపురానికి వచ్చిన మొదటి నాటి నుంచి అరుణమ్మే చేసింది. ఈ మూడు నెలలూ ఇక్కడ ఎవరు చేస్తున్నారో, అసలు చేస్తున్నారో లేదో ఆమెకు తెలియదు.

సాముయేలు తల వంచాడు. ధనమ్మ కొంగు తల మీదికి లాక్కొని తల వంచింది. ఆ ఇద్దరూ ఎదురు చూస్తున్నారు. అయితే ఇంకా ఆ ప్రార్థన తనదే. అరుణమ్మకు కళ్లు మండాయి. ఆమె కళ్లు మూసుకొని మొదటి మాట కోసం వెతుక్కుంది. రోజూ దానంతట అదే వచ్చే మాట. ఈ రోజు దాన్ని పట్టుకొని పైకి లాగవలసి వచ్చింది. వచ్చింది. పెదవుల దాకా వచ్చింది.

రొట్టె విరిగిన చప్పుడయింది.

ఆమె కళ్లు తెరిచింది. శాంతయ్య తింటున్నాడు. తల వంచుకొని, ముక్క తుంచి, కూరలో అద్ది, నోట్లో పెట్టుకొని నములుతున్నాడు. పద్నాలుగేళ్లలో ఆమె ప్రార్థన కాకముందు అతను కంచం ముట్టిన రోజు లేదు. ఎంత ఆకలి ఉన్నా ఆగేవాడు.

సాముయేలు తమ్ముణ్ణి చూశాడు. మరదలిని చూశాడు. కొంతసేపు చెయ్యి కంచం అంచు మీదే పెట్టుకొని ఉన్నాడు. తరువాత అతనూ రొట్టె విరిచాడు. ధనమ్మ కొంగు జారనిచ్చి, తన కంచం దగ్గరికి జరుపుకున్నది.

అరుణమ్మ తెరిచిన నోరు మూసింది. రొట్టె తుంచింది. కారం ఎక్కువైనా నీళ్లు అడగలేదు.

ధనమ్మ ఇంకో రొట్టె తెచ్చి సగం శాంతయ్య కంచంలో, సగం అరుణమ్మ కంచంలో వేసింది. అతను వద్దనలేదు. ఆమె వద్దనలేదు. నలుగురూ కంచాలు ఖాళీ అయ్యేదాకా తిన్నారు.